గొర్రెల దొరసాని గీసిన పూలు

మందార పువ్వుకి వాసన ఉంటుందా? ఇదేం ప్రశ్న అనుకుంటున్నారు కదూ! పూజకి కోసుకుంటాం, తలకి నూనె కాచుకుంటాం, అంతే. ముక్కు దగ్గర పెట్టుకుని చూసినవాళ్ళు ఎవరున్నారు? నేనూ అంతే. హవాయి దీవుల్లో కవాయి అనే దీవికి మా అమ్మాయి తీసుకెళ్ళేవరకు మందారం వాసన గురించి నాకు ఆలోచనే లేదు.

ఆ దీవిలో కోకే అని కొండమీద అడవి ఉంది. సముద్రం ఒడ్డున ఉక్కపోతగా ఉంటే, అక్కడికి వెళ్ళేసరికి శాలువా కప్పుకోవాల్సి వచ్చింది. కాలిబాట పక్కన నాకంటే ఎత్తుగా ఒక చెట్టు, దానికి తెల్లటి మందారాలు. మధ్యలో ఎర్రటి కాడ. దగ్గరికి వెళ్తే సన్నగా, తియ్యగా వాసన! మొదట మా అమ్మాయి రాసుకున్న సెంటేమో అనుకున్నాను. కాదు, పువ్వే. అక్కడివాళ్ళు దాన్ని కోకియో కెయోకెయో అంటారు. పొద్దున తెల్లగా విచ్చుకుని మధ్యాహ్నానికి గులాబి రంగుకి తిరుగుతుంది. ప్రపంచంలో ఉన్న వందల రకాల మందారాల్లో వాసన ఉన్నవి బహు కొద్ది. వాటిలో కొన్ని ఈ దీవుల్లోనే పుట్టాయి.

ఆ రాత్రి బసకి వచ్చాక మా అమ్మాయి ఒక పాత పుస్తకం బొమ్మలు చూపించింది. 1885లో లండన్‌లో అచ్చయిన పుస్తకం. హవాయి దీవుల సొంత పూలని రంగుల్లో చూపించిన మొట్టమొదటి పుస్తకం అదే. నలభై నాలుగు రంగుల బొమ్మలు. గీసిన ఆవిడ పేరు ఇసబెల్లా సింక్లెయిర్. ఎవరీవిడ అని వెతుక్కుంటూ పోతే అచ్చం మన ఇళ్ళలో జరిగే కథలాంటిది బయటపడింది. మేనత్త, మేనరికం, ఉమ్మడి కుటుంబం, ఆస్తి... అన్నీ ఉన్నాయి!

మేనత్త కథ

ఇసబెల్లా గురించి చెప్పాలంటే ముందు వాళ్ళ మేనత్త ఎలిజబెత్ గురించి చెప్పుకోవాలి. ఎలిజబెత్ 1800లో స్కాట్లాండ్‌లో పుట్టింది. నౌకాదళంలో పనిచేసిన కెప్టెన్ సింక్లెయిర్‌ని చేసుకుంది. ఆరుగురు పిల్లలు. 1841లో కుటుంబమంతా న్యూజీలాండ్‌కి వలస వెళ్ళింది. అప్పటికి అక్కడ తెల్లవాళ్ళ ఊళ్ళు ఇంకా మొలకెత్తుతున్నాయి. అడవి కొట్టుకుని, పశువుల్ని పెంచుకుని కాస్త నిలదొక్కుకున్నారు. 1846లో పంట సరుకు పడవలో వేసుకుని బయల్దేరిన భర్త, పెద్దకొడుకు సముద్రంలో కలిసిపోయారు. పడవ జాడ కూడా దొరకలేదు.

నలభై ఆరేళ్ళ వయసు. చేతిలో అయిదుగురు పిల్లలు. పుట్టిల్లు భూగోళానికి అవతల. ఆవిడ ఏడుస్తూ కూచోలేదు. పదిహేడేళ్ళు ఆ పొలాన్ని తనే నడిపించింది. కూతుళ్ళ పెళ్ళిళ్ళు చేసింది. మనవలు పుట్టారు. కుటుంబం పెరిగింది, భూమి చాలలేదు. 1863లో, అరవై మూడేళ్ళ వయసులో, ఉన్నదంతా అమ్మేసి, బెస్సీ అనే సొంత ఓడలో కూతుళ్ళు, అల్లుడు, కొడుకులు, మనవలతో సహా బయల్దేరింది! మన దగ్గర ఆ వయసొస్తే కాశీకి పోదామా అని ఆలోచిస్తాం. ఆవిడ కొత్త దేశం వెతుక్కుంటూ పోయింది.

ముందు కెనడా పడమటి తీరానికి వెళ్ళారు. నచ్చలేదు. అటు నుంచి హవాయికి వచ్చారు. అప్పటికి హవాయి ఒక స్వతంత్ర రాజ్యం, రాజుగారున్నారు. ఆయన అమ్మజూపిన వాటిలో నీహౌ అనే చిన్న దీవి ఒకటి. కొడుకులు వెళ్ళి చూసొచ్చారు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి కాబట్టి దీవంతా పచ్చగా ఉంది. సరే అన్నారు. 1864లో పదివేల డాలర్లిచ్చి మొత్తం దీవిని కొనేశారు. నూటఎనభై చదరపు కిలోమీటర్లు. అందులో మనుషులు కూడా ఉన్నారు సుమండీ! తరతరాలుగా అక్కడ చేపలు పట్టుకుని, చాపలు అల్లుకుని బతుకుతున్న వందలాది హవాయి జనం ఒక్కరోజులో ఇంకొకరి భూమిలో అద్దెకున్నట్టయిపోయారు. ఆ ధైర్యవంతురాలి కథ చదువుతూ ఇంతవరకు ముచ్చటపడ్డ నాకు, ఇక్కడికి వచ్చేసరికి మనసు కాస్త చివుక్కుమంది.

కొన్నాక తెలిసింది అసలు సంగతి. నీహౌ ఎండు దీవి. పక్కనున్న కవాయి కొండలు వాన మబ్బుల్ని ఆపేస్తాయి. కవాయి నడిబొడ్డున వయాలియాలే శిఖరం మీద ఏడాదికి సుమారు పది మీటర్ల వాన పడితే, ఇక్కడ నేల నెర్రెలిచ్చి ఉంటుంది. పచ్చదనం ఆ ఒక్క ఏడాది ముచ్చటే. దాంతో కవాయిలో మాకవేలి అనేచోట ఇంకో పెద్ద భూమి కొన్నారు. నీహౌలో గొర్రెలు, మాకవేలిలో పశువులు. 1875 ప్రాంతానికి నీహౌలో మనుషులు మూడువందల యాభై, గొర్రెలు ఇరవైవేలు!

కోడలిగా వచ్చింది

ఈ ఇంటికి 1866లో కోడలిగా వచ్చింది ఇసబెల్లా. మేనత్త కొడుకు ఫ్రాన్సిస్‌ని పెళ్ళాడింది. అంటే అచ్చంగా మేనరికమే. తనూ స్కాట్లాండ్‌లో పుట్టి న్యూజీలాండ్‌లో పెరిగిన పిల్లే. అత్తగారు బయటి మనిషి కాదు, కానీ వచ్చిన చోటు మాత్రం కొత్తది. భాష రాదు, చుట్టుపక్కల తనలాంటి ఆడవాళ్ళు లేరు. అత్తగారేమో డెబ్బై దాటాక కూడా గుర్రమెక్కి కొండలు తిరిగే మనిషి. 1873లో ఇసబెల్లా బర్డ్ అనే ప్రసిద్ధ యాత్రికురాలు కవాయికి వచ్చి ఆ ఇంట్లో అతిథిగా ఉండి, ఆ ముసలావిడ గురించి తన పుస్తకంలో మెచ్చుకుంటూ రాసింది. పెద్దావిడ నీడలో కోడలి పేరు ఎవరికీ పెద్దగా తెలియకపోవడం వింతేమీ కాదు.

ఆ కోడలు పూలు ఏరుకోవడం మొదలుపెట్టింది.

ఆ రోజుల్లో చదువుకున్న దొరసానులు పూలబొమ్మలు వేయడం మామూలే. మన ఇళ్ళలో కుట్లు, అల్లికలు నేర్చినట్టు. అయితే ఈవిడ తోటలో పూసే గులాబీల్ని వదిలేసింది. కవాయి, నీహౌ దీవుల్లో ఎవరూ నాటకుండా తమంతట తాము పుట్టిన మొక్కలే కావాలనుకుంది. అలాంటివి ఇంటి పెరట్లో దొరకవు. సముద్రపు ఇసుకలో కొన్ని, వైమేయా లోయ అంచుల్లో కొన్ని, ఎప్పుడూ మబ్బులో మునిగుండే కొండ అడవిలో కొన్ని. వైమేయా లోయ అంచున నిలబడితే నాకు కళ్ళు తిరిగాయి. సుమారు కిలోమీటరు లోతు. ఇప్పుడు తారురోడ్డు ఉంది, పట్టుకోవడానికి కమ్మీలున్నాయి. ఆవిడకి ఉన్నవి గుర్రం, నేలదాకా జీరాడే గౌను.

అడవి పువ్వుని కోస్తే గంటలో వాడిపోతుంది. రంగు మారిపోతుంది. అందుకని చూసింది చూసినట్టు గబగబా దించుకోవాలి. ఆకు అంచు రంపంలా ఉందా, నున్నగా ఉందా, మొగ్గ ఎటు వంగింది, కేసరాలు ఎన్ని... ఒక్కటి తప్పినా అది వేరే మొక్క అయిపోతుంది. ఇంకో కొమ్మని కాగితాల మధ్య నొక్కి ఎండబెట్టి, లండన్ దగ్గర క్యూ ఉద్యానవనానికి పంపేది. అక్కడ సర్ జోసెఫ్ హుకర్ అనే మహా పండితుడు వాటిని చూసి శాస్త్రీయ నామాలు చెప్పేవాడు. మన దేశపు మొక్కల గురించి ఏడు సంపుటాల గ్రంథం వెలువరించిన హుకర్ ఈయనే. ఓడలో, రైలులో, మళ్ళీ ఓడలో వెళ్ళి జవాబు రావడానికి ఎన్ని వారాలు పట్టేదో మీరే ఊహించుకోండి. ఒక్కో పేరు కోసం అన్నాళ్ళు ఎదురుచూసింది.

లాటిన్ పేర్లతో ఆవిడ సరిపెట్టుకోలేదు. ప్రతి పువ్వుకీ హవాయి పేరు కూడా రాసింది. ఏ చెట్టు కలప దేనికి పనికొస్తుంది, దేన్ని మందుగా వాడతారు, దేన్ని దండ గుచ్చుకుంటారు అని అక్కడివాళ్ళ దగ్గర విన్నది కూడా చేర్చింది. పుస్తకాన్ని హవాయి పెద్దలకీ ప్రజలకీ అంకితమిచ్చింది. నాకు ఇది చాలా నచ్చింది. ఎందుకంటే ఆ చెప్పినవాళ్ళలో ఒక్కరి పేరు కూడా మనకి మిగల్లేదు. కనీసం వాళ్ళ మాట మిగిలింది.

పుదీనాకి వాసన లేదు!

ఈ పూలలో అంత ప్రత్యేకత ఏమిటంటారా? హవాయి దీవులు ఏ ఖండానికీ దగ్గర కాదు. ఏ వైపు చూసినా దాదాపు నాలుగువేల కిలోమీటర్లు నీళ్ళే. సముద్రంలోంచి అగ్నిపర్వతాలు పైకి లేచి ఏర్పడ్డ నేల. అక్కడికి ఒక విత్తనం చేరాలంటే పక్షి కాలికి అంటుకునో, గాలికి ఎగిరో, అలల మీద తేలో రావాలి. వేల ఏళ్ళకి ఒకటి వచ్చేది. వచ్చినవి లక్షల ఏళ్ళలో మారిపోయి, ఇంకెక్కడా లేని రకాలయ్యాయి. అక్కడి సొంత పూలమొక్కలు దాదాపు వెయ్యి రకాలు. వాటిలో పదింట తొమ్మిది ప్రపంచంలో మరెక్కడా లేవు.

ఇంకో తమాషా. అక్కడ మేక లేదు, ఆవు లేదు, జింక లేదు. నేలమీది పాలిచ్చే జంతువు అంటే ఒక గబ్బిలం. మేసేవాళ్ళే లేనప్పుడు ముళ్ళెందుకు? ఘాటెందుకు? అందుకని అక్కడి అడవి రేగుపండు లాంటి అకాలా అనే పొదకి ముళ్ళు దాదాపు పోయాయి. పుదీనా, తులసి కుటుంబానికి చెందిన మొక్కలు చాలా ఉన్నాయి, నలిపి చూస్తే వాసనే ఉండదు! ఆ వాసన నిజానికి పురుగుల్నీ పశువుల్నీ దూరంగా ఉంచే ఆయుధం కదా. ఆ అవసరం లేక వదిలేసుకున్నాయి. మందారానికి వాసన, పుదీనాకి వాసన లేకపోవడం... మన లెక్కకి అంతా తారుమారు.

అలా తలుపులు తీసిపెట్టి నిద్రపోతున్న ఇంట్లోకి మేకలు దిగాయి. 1778లో కెప్టెన్ కుక్ ఓడల మీద వచ్చినప్పుడు మేకల్నీ పందుల్నీ వదిలి వెళ్ళింది మరెక్కడో కాదు, ఈ నీహౌలోనే. 1793లో మరో కెప్టెన్ పెద్ద దీవికి పశువుల్ని తెచ్చి రాజుకి కానుకిచ్చాడు. వాటిని చంపకూడదని రాజుగారు నిషేధం పెట్టారు. అవి వేలై అడవుల్లోకి ఎక్కాయి. అక్కడి చందనం చెట్లు, మన మంచిగంధానికి చుట్టాలే, అంతకుముందే చైనా వ్యాపారానికి ఓడలకెక్కాయి. ఆ తర్వాత కోడలి ఇంటివాళ్ళ ఇరవైవేల గొర్రెలు.

ఇసబెల్లా ఇదంతా చూసింది. చూడకుండా లేదు. పుస్తకం ముందుమాటలో చాలా స్పష్టంగా రాసింది. అడవుల మంటలు, పశువులు, వ్యవసాయం కలిసి యాభై అరవై ఏళ్ళలో దీవుల్ని ఎంతగా మార్చేశాయంటే, కొన్నిచోట్ల మైళ్ళ తరబడి నడిచినా ఒక్క సొంత మొక్క కూడా కనిపించడం లేదని. నేలంతా పరాయి కలుపు ఆక్రమించిందని. ఎక్కువకాలం ఇవి బతకవని కూడా చెప్పింది.

ఇది రాసింది ఎవరు? గొర్రెల మందల యజమానురాలు. ఉదయం ఏ పువ్వు పక్కన కూచుని బొమ్మ వేసిందో, ఆ పొదని మరో నెలలో తన ఇంటి పశువులే మేసి ఉండవచ్చు. పుస్తకానికి అయిన ఖర్చు కూడా ఆ ఉన్ని, ఆ మాంసం డబ్బుల్లోంచే వచ్చి ఉండాలి. ఇంట్లో ఎప్పుడైనా ఈ మాట ఎత్తిందా? భర్తతో, బావతో, అత్తగారితో? ఎత్తితే ఏం జరిగింది? ఎంత వెతికినా నాకు జవాబు దొరకలేదు. వ్యాపారం మగవాళ్ళది, పూలు ఆడవాళ్ళవి అనుకునే కాలం. మన ఇళ్ళలో మాత్రం? పొలం అమ్ముతున్నారని తెలిసీ, సంతకం పెట్టమంటే పెట్టి, గట్టు మీది మల్లె అంటు ఒకటి తెచ్చి పట్నంలో కుండీలో నాటుకున్న ఆడవాళ్ళు నాకు తెలుసు.

ఒక్క విషయంలో మాత్రం ఆవిడని నేను ఒప్పుకోలేను. ముందుమాటలోనే, ఈ మొక్కలు అక్కడి మనుషుల్లాగే తేలిగ్గా, నిశ్చింతగా పెరుగుతాయని, కొత్తవి వచ్చిపడితే తట్టుకోలేవని పోల్చింది. ప్రేమతోనే అంది కాబోలు. కానీ ఆ మనుషులు తగ్గిపోయింది నిశ్చింత వల్లనా? కుక్ వచ్చినప్పుడు లక్షల్లో ఉన్న హవాయి జనం ఓడల్లో వచ్చిన కొత్త జబ్బులతో రాలిపోయి 1890 నాటికి నలభైవేలకి దిగారు. భూములు చేతులు మారాయి. 1893లో రాణిగారిని గద్దె దింపారు, 1898లో రాజ్యం అమెరికాలో కలిసిపోయింది. పోయినవాళ్ళని పువ్వులతో పోల్చడం, పుచ్చుకున్నవాళ్ళకి కాస్త తేలికగా ఉంటుందేమో.

మేనత్త 1892లో తొంభై రెండేళ్ళు బతికి పోయింది. ఇసబెల్లా 1900లో కన్నుమూసింది. ఇంకో పుస్తకం తేలేదు. ఆవిడ పుస్తకం వచ్చిన మూడేళ్ళకి, హోనొలులూలో ఇరవై ఏళ్ళు వైద్యం చేసిన హిల్లెబ్రాండ్ అనే జర్మన్ డాక్టరుగారి హవాయి వృక్షశాస్త్ర గ్రంథం అచ్చయింది. పండితులంతా దాన్నే ఆధారంగా తీసుకున్నారు. అది న్యాయమే, అందులో ఎన్నో రెట్లు మొక్కలున్నాయి. ఇసబెల్లాది మాత్రం బొమ్మల పుస్తకమనే పేరుతో మిగిలింది.

మన చుట్టాలు

బొమ్మలు చూశాక మర్నాడు అడవికి వెళ్తే నా నడకే మారిపోయింది. ముందురోజు వరకు అంతా పచ్చటి గోడలా కనిపించింది. ఇప్పుడు ఒక్కొక్కటీ ఎవరో ఏమిటో అని ఆగి పలకరించాలనిపించింది. అలకాయి అనే చిత్తడి అడవిలో చెక్కలు పరిచిన బాట ఉంది. చుట్టూ మబ్బు. ఓహియా చెట్లకి ఎర్రటి లెహువా పూలు. రేకులు కనబడవు, నిద్రగన్నేరు పువ్వులా కేసరాల గుత్తి. ఆ పువ్వు కోస్తే వాన పడుతుందని అక్కడివాళ్ళ నమ్మకం. ఎప్పుడూ వానపడే చోట ఆ నమ్మకాన్ని పరీక్షించడం కష్టమే! ఓహియా మన నేరేడు, జామ కుటుంబంలోదని తెలిసి ముచ్చటేసింది. సముద్రం ఒడ్డున ఓహాయ్ అని ఇంకోటి ఉంటుంది, అది మన అవిసెకి సొంత అక్కచెల్లెలు. 1994 నుంచి ప్రమాదంలో ఉన్న మొక్కల జాబితాలో ఉంది. మావో అనే అడవి పత్తికి పసుపు పూలు. దాని ఆకుల దగ్గర తేనె ఊరదు కాబట్టి పురుగులు తక్కువగా చేరతాయి. ఆ గుణాన్ని మామూలు పత్తిలోకి సంకరం చేసి తెచ్చారు శాస్త్రజ్ఞులు. పత్తి చేలలో పురుగుమందు కొట్టి కొట్టి నష్టపోయిన మన గుంటూరు రైతులకి ఈ మాట చెప్పాలనిపించింది.

దారిలో ఒకచోట ఘుమఘుమలాడే పసుపు పూల గుత్తులు కనిపించాయి. అల్లం ఆకుల్లాంటి ఆకులు. ఎంత బావుందో అని దగ్గరికి పోబోతే మా అమ్మాయి నవ్వింది. అది మన హిమాలయాల మొక్కేనట. తోటల్లో అందానికి తెచ్చి పెట్టారు. అది అడవిలోకి పాకి, కింద ఒక్క మొలకని కూడా లేవనివ్వకుండా కమ్మేస్తోంది. దాన్ని తవ్వి పారేయడానికి జనం వారాల తరబడి శ్రమపడతారు. పరాయి కలుపు అన్నమాట చదివినప్పుడు మనం కూడా అందులో ఉన్నామని తట్టలేదు నాకు.

హవాయిలో ఇప్పటికే నూరు రకాలకి పైగా మొక్కలు పూర్తిగా అంతరించాయి. ఉన్నవాటిలో కొన్ని వేళ్ళమీద లెక్కపెట్టేన్ని. కవాయిలో అలూలా అని కొండచరియల్లో పెరిగే మొక్క ఉంది. దాని పువ్వుకి పుప్పొడి మోసే చిమ్మట మాయమైపోయింది. అందుకని 1970ల్లో ఒక వృక్షశాస్త్రజ్ఞుడు నడుముకి తాడు కట్టుకుని కొండ అంచు నుంచి దిగి, చిన్న కుంచెతో ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి పుప్పొడి అంటించేవాడు. చిమ్మట చేసే పని మనిషి చేశాడు. మందారం చుట్టమే ఇంకోటి, కలలావు లోయలో 1991లో కనిపించింది. 2016లో అంతరించిందని ప్రకటించేశారు. 2019లో చిన్న ఎగిరే యంత్రాన్ని కెమెరాతో పంపిస్తే, మనిషి అడుగు పెట్టలేని నిట్టనిలువు చరియలో మళ్ళీ కనబడింది. మేకలు ఎక్కలేని చోటు అది. బతకడానికి దానికి ఆ చోటే దొరికింది.

నీహౌ ఇప్పటికీ ఎలిజబెత్ వారసులదే. బయటివాళ్ళని ఇష్టమొచ్చినట్టు రానివ్వరు. అక్కడివాళ్ళు ఇళ్ళలో హవాయి భాషే మాట్లాడతారు. ఆ కుటుంబంలోనే, ఎలిజబెత్ మునిమనవడి కొడుకు ఒకాయన కవాయిలో తన సొంత భూమిలో అంతరించిపోతున్న మొక్కల్ని ఏళ్ళ తరబడి ఒంటిచేత్తో పెంచాడు. ఏ ఇంటి మందలు మేసేశాయో, ఆ ఇంటివాడే.

అడవిలోంచి బయటికొస్తుంటే బాట మొదట్లో ఒక బ్రష్షు కట్టిన బల్ల ఉంది. బూట్ల అడుగున అంటిన మట్టిని, విత్తనాల్ని గీకి మరీ వెళ్ళాలి. ఓహియా చెట్లని చంపుతున్న ఒక బూజు తెగులు మట్టితో పాటు ఒక అడవి నుంచి ఇంకో అడవికి పాకుతోందట. నా బూట్లు రెండూ పైకెత్తి చూపించాను. ఎడమ కాలి బూటు గాడిలో చిన్న నల్లటి గింజ ఇరుక్కుని ఉంది. ఏ మొక్కదో మా అమ్మాయికీ తెలియలేదు. పుల్లతో తీసి, కాగితంలో చుట్టి, చెత్తబుట్టలో వేసింది. పక్కనున్న తెల్ల మందారం అప్పటికి గులాబి రంగుకి తిరిగింది.